ధూమపాన నిషేధ ఫలకము: పత్తిసీమలోని సహకార సంఘముల కొక పాఠము



ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వబోయినవాని సామెత మన యిండ్లలో పిల్లలకును తెలియును. అయినను ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పత్తి యేరు దినములు వచ్చినప్పుడెల్ల మనము చేయుచున్న పని యదియే. పత్తి మండీ చేరిన పిదప నిప్పును గూర్చి తలచుదుము. నిప్పు పుట్టిన పిదప నీటిని గూర్చి తలచుదుము.

ఈ మాసపు పాఠమునకు విషయము ఒక చిన్న పలక. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గల ఆ పలకను ప్రజలు వచ్చిపోవు ప్రతి భవనము వాకిటను, పనివాండ్రు పనిచేయు ప్రతి తావు వాకిటను కట్టవలెనని ప్రభుత్వము 2008వ సంవత్సరముననే నియమము చేసినది. మన సంఘ కార్యాలయములు, ఎరువుల గోదాములు, మగ్గపు శాలలు, పత్తి మిల్లులు అన్నియు ఈ నియమమునకు లోబడినవే. నేను తిరిగిన గ్రామములలో కొన్నిట ఆ పలక లేనే లేదు. కొన్నిట ఉన్నను ఉండవలసిన చోట లేదు. అది ఎట్టిదో, ఎక్కడ నుండవలెనో, ఎవరు బాధ్యులో ఈ పాఠమున వివరించెదను.

ఒక అనుభవము

ముందుగా నేను కన్నులార చూచిన దొకటి చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట పత్తి రాబడి ముమ్మరముగా నున్న దినములలో, గులాబిరంగు కాయతొలుచు పురుగును గూర్చి రైతులతో మాటలాడుటకై నేనొక మండీకి పోయితిని. దాని పెరటిలో పత్తి దిబ్బ మనిషి యెత్తును మించి యుండెను. లోపలి గదిలో, గుమాస్తా కూర్చుండు పీఠమునకు ఎదురుగా, ధూమపాన నిషేధ ఫలకము వ్రేలాడుచుండెను. దాని సగమును గోతముల కట్ట కప్పివేసెను. పెరటిలోనికి బండ్లు వచ్చు వాకిట ఏ ఫలకమును లేదు. నేను చూచితిని; పురుగును గూర్చి వచ్చినవానికి పలక సంగతి యేల యని ఊరకుంటిని.

ఆ రాత్రి దిబ్బ అడుగున పొగ పుట్టెను. కావలివాడు కేక వేయగా హమాలీలు నీళ్లు చల్లిరి. పైమంట ఆరెను. అందరును నిట్టూర్చి పండుకొనిరి. తెల్లవారు జామున దిబ్బ నడుమనుండి మరల పొగ లేచెను. రెండు దినములు త్రవ్వి పరచినగాని నిప్పు పూర్తిగా చావలేదు. అయిదుగురు రైతుల సరకు అందులో నుండెను. మువ్వురకు తూకము చీటీ యుండెను. తక్కిన యిద్దరి పత్తి మరునాటి ఉదయము తూకమునకై వేచియుండెను. చీటీ లేని సరకునకు సాక్ష్యము లేదు; సాక్ష్యము లేనిచో పరిహారము లేదు. వారిద్దరును తమ గ్రామ సంఘమునకు పంట అప్పు వాయిదా కట్టవలసినవారు. ఎవని బీడీ ఆ పని చేసినదో తేలలేదు. ఆ సాయంకాలము ఆ పెరటిలో పొగ త్రాగనివారు అరుదు గనుక ప్రతివాడును పక్కవానిని చూపెను.

ఆ పలక గుమాస్తాకు కనబడెను, బండివానికి కనబడలేదు. నాకు కనబడినను నేను నోరు తెరవలేదు. ఈ పాఠము వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఆ సంగతియే.

1. పత్తికిని నిప్పునకును గల సంబంధము

సిగరెట్టు గాని బీడీ గాని ఊరక కాలుచున్నప్పుడు దాని కొన 600 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమున వేడిగా నుండును. పీల్చునప్పుడు ఆ వేడి 900 డిగ్రీల వరకు పెరుగవచ్చును. దూది అంటుకొనుటకు 400 డిగ్రీల ప్రాంతపు వేడి చాలును. కావున ఆర్పితినని తలచి పారవైచిన తునకయందును పత్తిని కాల్చుటకు వలసినంత శక్తి మిగిలియుండును.

పత్తి రెండు విధముల కాలును. పైనున్న మెత్తని నూగు మీద మంట గాలివలె పరుగెత్తిపోవును. ఇది కంటికి కనబడునది. రెండవది లోలోపల రాజుకొనుట. దిబ్బలో పోగుల నడుమ గాలి యున్నందున మంట లేకుండగనే నిప్పు కొంచెము కొంచెముగా ప్రాకిపోవును. కనబడు మంటకంటె ఈ కనబడని నిప్పే ఎక్కువ అపాయకరము.

నీరు చల్లినను ఇది ఎందులకు ఆరదని కొందరు అడుగుదురు. పచ్చి పత్తి పోగు మీద ప్రకృతి సిద్ధమైన మైనపు పొర యుండును. ఆ పొర నీటిని త్వరగా లోనికి చొరనీయదు. ప్రెస్సులో 170 కిలోగ్రాముల పత్తిని బిగించి కట్టిన బేలులోనికి నీరు పోవుట మరియు కష్టము. అందుచేతనే, నిప్పు తగిలిన బేలును ఆరినదని యెంచి తక్కిన బేళ్ల నడుమ పెట్టుట ప్రమాదము. దానిని వేరుచేసి, బయట దూరముగా నుంచి, దినముల తరబడి కనిపెట్టి యుండవలెను.

మిల్లులలో పుట్టు ప్రతి నిప్పును పొగ త్రాగువారి వలననే కలుగునని నేను చెప్పుట లేదు. పత్తిలో కలిసి వచ్చిన రాయి గాని యినుప ముక్క గాని జిన్ను యంత్రమునకు తగిలి నిప్పురవ్వ లేచుట కలదు. వేడెక్కిన బేరింగు, చెడిన కరెంటు తీగ కూడ కారణములే. కాని వీనిని నివారించుటకు ధనమును, పనివానిని, కాలమును వెచ్చింపవలెను. బీడీని వాకిటనే ఆపుటకు ఒక పలకయు, దానిని మన్నించు మనస్సును చాలును.

2. పక్కవాని ఊపిరికి కలుగు హాని

నిప్పు భయము పత్తిగల చోటనే యుండును. పొగ హాని అన్ని చోట్లను ఉండును. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయన పదార్థములున్నవనియు, వానిలో దాదాపు 70 పుట్టకురుపును, అనగా కాన్సరు వ్యాధిని, కలిగింపగలవనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. తాను త్రాగకపోయినను ఇతరులు విడిచిన పొగను పీల్చువానికి గుండెజబ్బును, ఊపిరితిత్తుల కాన్సరును కలుగవచ్చును. పసిబిడ్డలకు ఉబ్బసము, చెవిపోటు అధికమగును. తలుపులు తెరచుట వలనను, పంకా త్రిప్పుట వలనను ఈ హాని తొలగిపోదు. ఆ పొగ ఇంత మోతాదు వరకు క్షేమమని చెప్పదగిన హద్దు లేదు.

2016-17 సంవత్సరములలో భారతదేశమందు జరిగిన వయోజనుల పొగాకు సర్వేలో ఒక లెక్క తేలినది. నాలుగు గోడల నడుమ పనిచేయువారిలో నూటికి 30 మంది తమ పనిచోట ఇతరుల పొగను పీల్చుచుండిరి. ఆ సర్వేలోనే వయోజనులలో పొగ త్రాగువారు నూటికి 11 మందికి మించి లేరని కనబడినది. కొలదిమంది త్రాగిన పొగను అనేకులు పీల్చుచున్నారని దీని భావము.

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసిన దింకొకటి కలదు. నూలు మిల్లులలో, అందును దూదిని విప్పి ఏకు శాఖలలో, ఏండ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చువారికి బిసినోసిస్ అను ఊపిరి జబ్బు కలుగుట కలదు. సెలవు దినము గడచి మరల పనికి వచ్చిన నాడు ఛాతి బిగిసినట్లుండుట దీని మొదటి గుర్తు. జిన్నింగు మిల్లులలో ఇది అంత తరచుగా కనబడదు గాని దుమ్ము మాత్రము తక్కువ కాదు. పత్తి దుమ్మునకు పొగాకు పొగ తోడైనచో ఊపిరితిత్తులకు కలుగు చేటు ఒక్కొక్కదాని వలన కలుగుదానికంటె హెచ్చని వైద్యులు చెప్పుదురు. దుమ్మును పూర్తిగా నివారించుట కష్టము. పొగను నివారించుట మన చేతిలోనిది.

3. ఈ నియమము వచ్చిన విధము

2001 నవంబరు 2వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము మురళీ దేవరా గారి వ్యాజ్యమున ఉత్తరువు చేయుచు, ఆస్పత్రులు, విద్యాలయములు, గ్రంథాలయములు, న్యాయస్థానములు, ప్రభుత్వ కార్యాలయములు, రైళ్లు, బస్సులు మున్నగువానిలో పొగ త్రాగుటను నిషేధించెను. పొగ త్రాగనివానికి ఇతరుని పొగవలన ప్రాణహాని కలుగరాదనునది ఆ తీర్పునందలి ముఖ్యాంశము. రాజ్యాంగము ప్రతి మనుష్యునకును ఒసగిన జీవించు హక్కే దీనికి ఆధారము.

పిమ్మట 2003వ సంవత్సరమున పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు పదార్థముల చట్టమును చేసెను. దాని 4వ విభాగము బహిరంగ స్థలములలో ధూమపానమును నిషేధించినది. అది 2004 మే 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఆ యేడే మార్చి నెలలో ఐర్లండు దేశము పనిచోటులన్నిటియందు పొగను నిషేధించి ప్రపంచమునకు మార్గము చూపెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ యేర్పరచిన పొగాకు నియంత్రణ ఒడంబడికకును భారతదేశము 2004లోనే సమ్మతి తెలిపెను. ఆ ఒడంబడిక 8వ అంశము పనిచోటులను, బహిరంగ స్థలములను పొగనుండి కాపాడవలెనని దేశములను కోరుచున్నది.

మొదటి నియమములలో సందిగ్ధములు మిగిలియుండుటచేత, కేంద్ర ప్రభుత్వము 2008లో క్రొత్త నియమములను వెలువరించి, ఆ యేటి గాంధీ జయంతి, అనగా అక్టోబరు 2వ తేదీనుండి అమలుపరచెను. ఇప్పుడు మనము అనుసరింపవలసినవి ఇవియే.

4. బహిరంగ స్థలమన నేమి?

ప్రజలకు ప్రవేశముండు స్థలము బహిరంగ స్థలము. దాని యజమాని ప్రభుత్వమా, సంఘమా, ఒక వ్యక్తియా యనునది ఇక్కడ ప్రశ్న కాదు. 2008 నియమములు పనిచోటులను, అంగడి సముదాయములను, సినిమా శాలలను స్పష్టముగా ఇందులో చేర్చినవి. మన సీమకు అన్వయించి చెప్పినచో జాబితా ఇట్లుండును: సహకార సంఘ కార్యాలయము, బ్యాంకు శాఖ, మార్కెట్టు కార్యాలయము, కమీషను దుకాణము, ఎరువుల డిపో, గోదాము, జిన్నింగు మిల్లు, నూనె మిల్లు, మగ్గపు శాల, అద్దకపు షెడ్డు, హోటలు, కాఫీ క్లబ్బు, కల్యాణ మంటపము, పాఠశాల, ఆస్పత్రి, గ్రంథాలయము, బస్సు.

బయలు ప్రదేశమునకు చట్టము వర్తింపదని కొందరు వాదింతురు. చట్టమున ఆ మాట కలదు. కాని 2008 నియమములు దానికి హద్దు గీచినవి. రైల్వే స్టేషను, బస్సు స్టాండు, క్రీడాస్థలము, పైకప్పు లేని సభాస్థలము మున్నగు ప్రజలు కూడు చోటులు బయలు ప్రదేశములుగా లెక్కింపబడవు. కావున ఆదోని స్టేషను ప్లాటుఫారము మీద గాని ఎమ్మిగనూరు బస్సు స్టాండులో గాని, పైన ఆకాశము కనబడుచున్నదను సాకుతో పొగ త్రాగరాదు. వేలము జరుగు మార్కెట్టు ఆవరణమును గూర్చియు ఇదే విధముగా ఎంచుట మేలు. చట్టపు సందేహము ఎట్లున్నను అక్కడ పత్తి యున్నది. ఆ ఒక్కటే చాలును.

మీ సొంత పొలమును, మీ సొంత యింటిని ఈ నియమము ముట్టదు. అయినను కళ్ళములోని చొప్ప వామికిని, యింటిలోని పసిబిడ్డకును చట్టముతో పని లేదు. నిప్పును, పొగయు వానిపై ఒకే తీరున పనిచేయును.

5. ఫలకము ఎట్లుండవలెను?

ఇది పాఠమున ముఖ్య భాగము. కార్యదర్శులు దీనిని వ్రాసికొనవలెను.

ఫలకము కొలత 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్లు. ఇంతకంటె తక్కువ పనికిరాదు. ఎక్కువైనను దోషము లేదు. నేలరంగు తెలుపు. దానిపై ఒక వలయము గీయవలెను. వలయపు బయటి వ్యాసము 15 సెంటీమీటర్లకు తగ్గరాదు. వలయపు అంచు ఎరుపు రంగున 3 సెంటీమీటర్లకు తగ్గని వెడల్పు కలిగియుండవలెను. వలయము నడుమ నల్లని పొగ వెడలుచున్న సిగరెట్టు గాని బీడీ గాని చిత్రింపవలెను. దానిని అడ్డముగా కొట్టివైచినట్లు ఎఱ్ఱని పట్టె యుండవలెను. ఆ పట్టె వెడల్పు వలయపు అంచు వెడల్పుతో సమానముగా నుండవలెను.

అక్షరములు ఇంగ్లీషున గాని ఒక భారతీయ భాషలో గాని ఉండవచ్చును. మనము తెలుగున ఇట్లు వ్రాయుదము: “ధూమపాన నిషేధ ప్రాంతము. ఇక్కడ పొగ త్రాగుట నేరము.” వట్టి “దయచేసి పొగ త్రాగకుడు” అను మాట చాలదు. అది వేడుకోలు మాత్రమే. నియమము కోరునది నేరమను హెచ్చరిక.

బొమ్మ యెందులకని ఒక సభ్యుడు నన్ను అడిగెను. ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో నుండినది. ఇప్పటికిని మన మండీలలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. రాయచూరు, సిరుగుప్ప వైపులనుండి వచ్చు లారీ డ్రైవరునకు తెలుగు చదువ రాకపోవచ్చును. మన వారిలోనే అక్షరము రానివారు కలరు. ఎఱ్ఱ వలయము, అడ్డపట్టె, పొగచుట్టు ఏ భాష వానికైనను తెలియును. కావున చిత్రకారుడు బొమ్మను చిన్నదిగా చేసి అక్షరములను పెద్దవిగా చేయుట పొరపాటు.

ఇక కట్టు చోటు. ప్రతి ప్రవేశ ద్వారము నొద్ద ఒకటి ఉండవలెను. మేడ గల భవనమున ప్రతి అంతస్తునందును, మెట్ల యొద్దను, లిఫ్టు ఉన్నచో దాని వాకిటను ఉండవలెను. లోపల జనులకు స్పష్టముగా కనబడు తావులలోను కట్టవలెను. మనుష్యుని కంటికి సరియైన యెత్తున కట్టుట వివేకము. గోతములు పేర్చు గోడకు కట్టరాదు. తలుపు తెరచినప్పుడు మరుగుపడు చోట కట్టరాదు. బండ్లు వచ్చు వాకిలి వేరుగా నున్నచో, అక్కడ కట్టుట మొదటి పని. నేను చెప్పిన మండీలో జరిగిన తప్పు ఇదియే.

ఫలకము కట్టుటతో పని తీరలేదు. ఎవరైన పొగ త్రాగుచుండగా చూచినవారు ఎవరితో చెప్పవలెనో ఆ మనుష్యుని పేరును ప్రజలకు కనబడునట్లు ప్రకటింపవలెను. పేరు లేని పలక కాపరి లేని చేను వంటిది.

6. బాధ్యతయు దండనమును

బహిరంగ స్థలమున పొగ త్రాగినవానికి 200 రూపాయల వరకు జరిమానా కలదు. పొరుగునున్న కర్ణాటక రాష్ట్రము ఈ చట్టమును సవరించి 2025నుండి ఆ జరిమానాను 1,000 రూపాయల వరకు పెంచినది. సరకు తీసికొని బళ్ళారికో రాయచూరునకో పోవువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఆ స్థలమునకు యజమాని, మేనేజరు, పర్యవేక్షకుడు, లేక వ్యవహారములు చూచు అధికారి ఎవరో వారి మీదను బాధ్యత కలదు. వారు మూడు పనులు చేయవలెను. మొదటిది, తమ ఆవరణలో ఎవరును పొగ త్రాగకుండ చూచుట. రెండవది, విధి ప్రకారము ఫలకములు కట్టుట. మూడవది, బూడిద పళ్లెములను, అగ్గిపెట్టెలను, లైటర్లను, పొగ త్రాగుటకు తోడ్పడు ఇతర వస్తువులను అక్కడ ఉంచకుండుట. ఫిర్యాదు వచ్చినను వారు ఉపేక్షించినచో, ఎందరు త్రాగిరో అన్ని నేరములకు సమానమైన జరిమానాను వారు చెల్లింపవలసియుండును. సంఘము విషయమున ఈ భారము కార్యదర్శి మీదను, నిర్వాహకుల మీదను పడును. పది మంది సభ్యులు సమావేశమున చుట్టలు కాల్చుచుండగా అధ్యక్షుడు చూచి నవ్వి యూరకున్నచో, అది మర్యాద కాదు, దోషము.

జరిమానా విధించు అధికారము పోలీసు శాఖకు మాత్రమే కలదని తలపరాదు. నియమముల అనుబంధమున అనేకుల పేర్లు కలవు. పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, స్టేషనులో స్టేషను మాస్టరు, తపాలా కార్యాలయమున పోస్టుమాస్టరు, గ్రంథాలయమున గ్రంథపాలకుడు తమ తమ ఆవరణలలో ఈ పని చేయవచ్చును.

పొగ త్రాగువారికి వేరుగా ఒక గది కట్టింపవచ్చునా యని కొన్ని సంఘములు అడుగుచున్నవి. ముప్పది గదులు గల హోటలునకును, ముప్పదిమంది కూర్చుండు భోజనశాలకును, విమానాశ్రయమునకును మాత్రమే నియమములు అట్టి యవకాశము నిచ్చినవి. అదియు నాలుగు వైపుల నిండు గోడలు, తనంతట మూసికొను తలుపు, పొగను వెలుపలికి పంపు యంత్రము గల గదియై యుండవలెను. సహకార సంఘమునకు గాని, గోదామునకు గాని, మిల్లునకు గాని ఈ వెసులుబాటు లేదు.

7. పత్తి, నూలు ఉన్న చోట మరికొన్ని జాగ్రత్తలు

కర్మాగారములలో నిప్పును గూర్చిన విధి పొగాకు చట్టముకంటె పాతది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 37వ విభాగమున అంటుకొను దుమ్మును గూర్చియు, 38వ విభాగమున అగ్ని నివారణను గూర్చియు యజమానులకు కట్టుబాట్లు చేసెను. 2025 నవంబరు 21వ తేదీనుండి ఆ చట్టము స్థానమున 2020 నాటి వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి వచ్చినది. చట్టము పేరు మారినను పత్తి స్వభావము మారలేదు.

నేను సూచించు జాగ్రత్తలు ఇవి. బండి గాని ట్రాక్టరు గాని లారీ గాని లోనికి వచ్చుటకు ముందు డ్రైవరు వద్దనున్న అగ్గిపెట్టెను, లైటరును వాకిటనే తీసికొని, పోవునప్పుడు తిరిగి యీయవలెను. వాకిలి వెలుపల, గాలి పత్తి వైపు వీచని దిక్కున, ఇసుక పోసిన తొట్టె యొకటి ఉంచవలెను. వచ్చువాడు తన బీడీని ఆర్పివేయుటకు అది తావు. చేతిలో కాలుచున్న బీడీని ఎక్కడ పారవేయవలెనో చూపకయే లోనికి తేవద్దనుట వలన వాడు దానిని గోడ ప్రక్కన విసరును. గోడ ప్రక్కననే పత్తి యుండును. దిబ్బకు దిబ్బకు నడుమ మనిషి నడచునంత దారి విడువవలెను. ఇసుక బాల్చీలు, నీటి తొట్టెలు నిండుగా నుండవలెను. వేరుసెనగ పొట్టు, జొన్నచొప్ప, ఖాళీ గోతములు పత్తి ప్రక్కన పోగువేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది తూకము చీటీ. సరకు ఆవరణలోనికి వచ్చిన వెంటనే, తూకము కాకపోయినను, సంచుల లెక్క వ్రాసి రైతుకు చీటీ యీయవలెను. ఆ రాత్రి నష్టపోయిన యిద్దరి చేతను ఆ తునక కాగిత మున్నచో వారి మాటకు విలువ యుండెడిది.

ఎమ్మిగనూరు నేతపనివారి సహకార సంఘము 1938లో మాచాని సోమప్ప గారి పూనికచే ఏర్పడినది. విడివిడిగా నూలు కొని విడివిడిగా నష్టపోవుచుండిన సాలెవారు ఒకచోట నూలు నిలువచేసికొనుటకు అలవాటుపడిరి. ఉమ్మడి నిలువలో ఉమ్మడి లాభము కలదు. ఉమ్మడి యపాయమును అందులోనే కలదు. ఒకని చుట్ట నిప్పు తన సొంత పంచెను కాల్చినచో వాని నష్టము వానిది. ఉమ్మడి గోదామును కాల్చినచో నూరిండ్ల నష్టము. సహకారమన్న మాటకు ఇదియు అర్థమే.

8. కొన్ని ఆక్షేపణలు, వానికి సమాధానములు

“పొగాకు పండించువాడును రైతే కదా, ఈ నియమము రైతునకు విరోధము కాదా?” అని కొందరందురు. మన రాష్ట్రమున పొగాకు పైరు విస్తారముగా కలదు. పొగాకు బోర్డు గుంటూరులోనే యున్నది. కాని ఈ నియమము పండించుటను నిషేధింపలేదు, అమ్ముటను నిషేధింపలేదు, ఇతరులు గాలి పీల్చు గదిలో కాల్చుటను మాత్రమే నిషేధించెను. పత్తి రైతు సరకును కాపాడుట పొగాకు రైతునకు విరోధము కానేరదు.

“హమాలీ చుట్ట లేనిదే బరువు మోయలేడు” అని మరికొందరందురు. వానికి మోతకు మోతకు నడుమ వాకిలి దాటి పోవుటకు సమయమిత్తము. విశ్రాంతి ఇయ్యక పొగను నిషేధించినచో వాడు గోతముల చాటున త్రాగును. చాటున త్రాగినది బాహాటముగా త్రాగినదానికంటె పదిరెట్లు అపాయకరము.

“పెద్దవారిని ఎట్లు వారింతుము?” అనునది మూడవ ఆక్షేపణ, ఇది అన్నిటికంటె నిజమైనది. తండ్రి వయస్సువాడు చుట్ట ముట్టించుకొని సర్వసభ్య సమావేశమునకు వచ్చినప్పుడు ఇరువదియేండ్ల గుమాస్తా నోరు మెదపలేడు. ఇట్టి సమయమున పలకయే గుమాస్తాకు నోరు. “పెద్దయ్యా, ఇది నేను పెట్టిన కట్టడి కాదు, అదిగో పలక చూడుడు. బయట అరుగు మీద కూర్చుండి కాల్చుకొని రండి, మీరు వచ్చువరకు లెక్కలు చదువము” అని చెప్పినచో ఏ పెద్దయు నొచ్చుకొనడు. గౌరవము తగ్గదు, నియమమును నిలుచును.

9. సంఘములు చేయవలసిన పని

ఈ మాసపు పాలకవర్గ సమావేశమున ఒక తీర్మానము చేయుడు. కార్యాలయమునకును, గోదామునకును గల వాకిండ్లను లెక్కించి అన్ని ఫలకములు వ్రాయింపుడు. ఫిర్యాదు తీసికొను మనుష్యుని నియమించి వాని పేరు ప్రకటింపుడు. గదులలోని బూడిద పళ్లెములను తీసివేయుడు. పత్తి రాబడి మొదలగుటకు ముందొకసారి, నడుమ నొకసారి ఫలకములు కనబడుచున్నవో లేదో బండివాని స్థానమున నిలిచి చూడుడు. గుమాస్తా పీఠము మీద కూర్చుండి చూచినచో తెలియదు.

10. అభ్యాస ప్రశ్నలు

గ్రామ సంఘ సమావేశములలో ఈ ప్రశ్నలను చదివి సభ్యులచే సమాధానములు చెప్పింపవలెను.

ఒకటి: మన సంఘ భవనమునకు వాకిండ్లు ఎన్ని? ఫలకములు ఎన్ని?

రెండు: ఫలకపు పొడవు, వెడల్పు, వలయపు వ్యాసము, అంచు వెడల్పు ఎంతెంత?

మూడు: పైమంట ఆరిన పత్తి దిబ్బను ఆరినదని నమ్మరాదనుటకు కారణమేమి?

నాలుగు: సమావేశమున పొగ త్రాగినవానికి జరిమానా ఎంత? చూచి యూరకున్న నిర్వాహకుని బాధ్యత ఏమి?

అయిదు: తూకము కాని సరకునకు చీటీ యీయు పద్ధతి మనము సరకు వేయు మండీలో కలదా? లేనిచో ఎవరిని అడుగవలెను?

చివరి ప్రశ్నకు సమాధానము పుస్తకమున దొరకదు. తదుపరి సారి మండీకి పోయినప్పుడు బండి దిగుటకు ముందే వాకిట తలయెత్తి చూడుడు. పలక కనబడనిచో ఊరకుండక నోరు తెరచి అడుగుడు. నేను ఊరకుండిన దినము ఇద్దరు రైతులకు ఎంత ఖరీదైనదో పైన చెప్పియే యున్నాను.